మాడిన కేకుతో నల్లుండలు

"సోమవారం దాకా చూస్తాం. అప్పటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తాం" అని డాక్టరమ్మ గురువారం నాడు చెప్పింది. చెప్పి నా చేతిలో ఒక కాగితం పెట్టింది. ఏ పూటకు ఏం తినిపించాలో అందులో ఉంది, అంతా ఇంగ్లీషులో. నేను బడికి పోయింది రెండో తరగతి దాకానే. ఆ తర్వాతి చదువంతా నాకు నేనే చెప్పుకున్నాను. తెలుగేమో బేకరీలో బన్నులు చుట్టే పాత పేపర్ల మీద, ఇంగ్లీషేమో బిస్కెట్ డబ్బాల మీద, మిగిలినదంతా ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో. కాబట్టి ఆ కాగితం చదవగలిగాను. చదివి మండిపోయాను. ఓట్స్, సూపు, ఏదో పౌడరు. అరవై ఏండ్లు జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్న మనిషికి రాసే కాగితమా ఇది?

నా భార్యకు కార్తీకం చివర జ్వరం వచ్చింది. పద్దెనిమిది రోజులు సర్కారు దవాఖానాలో ఉంది. జ్వరం పోయింది, పోతూ పోతూ నోటి రుచిని పట్టుకుపోయింది. ఇంటికి వచ్చాక పూటకు రెండు చెంచాల గంజి, సగం గ్లాసు మజ్జిగ, అంతే. బలవంతం చేస్తే పళ్ళు బిగించేది. అందుకే గురువారం మళ్ళీ చూపించడానికి తీసుకుపోయాను. నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. మాకు పిల్లలు లేరు. ఆమె, నేను. ఆమె మంచం మీద పడుకుంటే దుప్పటి కింద మనిషి ఉన్నట్టే కనిపించేది కాదు.

గొట్టం అంటే నాకెందుకంత భయమో చెప్పాలి. ఆమె ఉన్న వార్డులో ముక్కుకు గొట్టాలతో ముగ్గురు ఉండేవారు. మేము బయటికి వచ్చేలోపల ఆ మూడు మంచాలూ ఖాళీ అయ్యాయి. ఎవరూ నడిచి పోలేదు. వాళ్ళు పోయింది గొట్టం వల్ల కాదని ఇప్పుడు ఎవరైనా చెబితే తల ఊపుతాను. ఆనాడు మాత్రం నాకు ఒక్కటే తెలుసు. గొట్టం లోపలికి పోయిందంటే మనిషి బయటికి పోయినట్టే.

శుక్రవారం సాయంత్రం గల్లీలో ఎదురింటివాళ్ళు గుమ్మానికి కాగితం నక్షత్రం కట్టి లోపల బల్బు వెలిగించారు. ఆ ఎరుపు మా కిటికీలోంచి మంచం మీద పడింది. ఆమె కాసేపు దాన్ని చూసి, "క్రిస్మస్ దగ్గరికొచ్చినట్టుంది. ఈసారి నల్లుండలు తేలేదేంది?" అంది.

ఆబిడ్స్‌లో ఒక బేకరీ కౌంటర్ మీద ముప్పై నాలుగేండ్లు పనిచేశాను నేను. డిసెంబరులో ప్లమ్ కేకుతో పాటు రమ్ బాల్స్ అమ్మేవాళ్ళం. రమ్ము పేరులోనే. లోపల కేకు పొడి, కోకో, పైన చాక్లెట్ పూత. ఏటా పండగ వారంలో నాలుగు బటర్ పేపర్‌లో చుట్టుకొచ్చేవాణ్ణి. ఆమె వాటికి నల్లుండలని పేరు పెట్టుకుంది. ఒక్కొక్కటి నాలుగు ముక్కలు చేసి, మాట్లాడకుండా తినేది. ఆ బేకరీ మూతపడి చాలా కాలమైంది. ఇప్పుడు అక్కడ ఫోను కవర్లు అమ్ముతున్నారు. వెన్న వాసన వీధి చివరిదాకా వచ్చిన చోట ప్లాస్టిక్ కంపు. కోపం రాదా మరి?

"తెస్తే తింటవా?" అన్నాను.

"తే మల్ల, సూద్దాం."

ఇంటికి వచ్చాక ఆమె నోట ఒక తిండి పేరు రావడం అదే మొదలు. అప్పటికప్పుడు ఆబిడ్స్ పోయాను. మూడు దుకాణాలు తిరిగాను. బంగారు కాగితంలో చుట్టినవి ఉన్నాయి, లోపల గింజ పెట్టినవి ఉన్నాయి. వాటిని ట్రఫుల్ అంటారట. అద్దాల దుకాణంలో కౌంటర్ మీదున్న అమ్మాయి, "రమ్ బాల్సా? అవి ఇప్పుడెవరూ చెయ్యరంకుల్, ఔట్‌డేటెడ్" అంది.

"నేనూ గంతేనమ్మా" అని రెండు ట్రఫుల్స్ తీసుకున్నాను. ఇంటికి తెచ్చి ఒకటి విప్పి నోటికి అందిస్తే, ఆమె నాలుక ఆనించి గోడ వైపు తిరిగింది.

శనివారం పొద్దున మేడ మీద కిరాయికుండే వాళ్ళ బిడ్డ వచ్చింది. కోఠి ఉమెన్స్ కాలేజీలో చదువుతుంది. సంగతి విని, "ఇంట్లనే చేద్దాం తాతా. ఓవెన్ గీవెన్ ఏం వద్దు" అని ఫోను చూపించింది. అందులో ఎవరో దొరసాని దుకాణంలో కొన్న ప్యాకెట్ కేకులు చిదిమి, ముద్ద కట్టి, చాక్లెట్‌లో ముంచుతోంది. పండగ మిఠాయట!

"ముప్పై నాలుగేండ్లు బేకరీల నిలబడ్డోనికి పొయ్యి లేకుండ చేసుడు నేర్పుతున్నవా?" అని లేచాను.

"మరి నీ పొయ్యి ఏడుంది తాతా? సూపియ్యి."

సంచీ తీసుకుని బయల్దేరాను. బేగం బజార్ పోయి కోకో పొడి, చాక్లెట్ పలకలు తెచ్చాను. వీధి కిరాణంలో కేకు ప్యాకెట్లన్నీ తిప్పి తిప్పి వెనక రాసింది చదివాను. ఒక్కదాంట్లోనూ వెన్న లేదు. ఏదో నూనె, ఏవో అంకెలు. కేకు అని పెద్దక్షరాల్లో రాసుకోవడానికి సిగ్గుండాలి. దిక్కులేక ఉన్నవాటిలో మంచివి ఏరుకున్నాను.

పళ్ళెంలో కేకులు పోసి చిదిమాం. ఆ పని నా చేతుల మీదుగా, నా ఇష్టప్రకారం జరగాలన్నాను. కేకు అడుగున కాగితానికి అంటుకునే గోధుమరంగు పొర ఉంటుంది. దాన్ని ఒక్కొక్క కేకు నుంచి గోరుతో గీకి పారేశాను. కౌంటర్‌వాడి బుద్ధి అది. లోపలి మెత్తనిది, తెల్లనిదే కదా మేలిరకం! కోకో కలిపి, తియ్యటి డబ్బాపాలు పోసి, ముద్ద చేసి ఉండలు చుట్టాం. చాక్లెట్ కరిగించడానికి వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టాను. మూత తీసేటప్పుడు ఆవిరి చుక్క అందులో పడ్డట్టుంది, నిగనిగలాడుతున్న చాక్లెట్ కాస్తా ఇసుకలా గడ్డ కట్టుకుపోయింది.

"తాతా, గిది రోడ్డుకు పోసే తారు లెక్కయింది" అని ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. గిన్నె పొడిబట్టతో తుడిచి ఇంకో పలక కరిగించాం. ఉండలు అందులో ముంచాక, ఆ పిల్లే వాటిని తమ ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చింది. చూడ్డానికి ఎంత ముద్దుగా వచ్చాయో! మా బేకరీ అద్దాల్లో పెట్టినా ఒప్పేవి.

మా ముసలిది ముక్క కొరికింది. నమిలింది.  ఆమె మెల్లగా అరచేతిలోకి ఊసేసింది.

"గిది కాదు."

"ఏం తక్కువయిందే?"

"తియ్యగున్నది. గంతే. దాంట్ల చేదు ఉంటుండె."

"నోరే చేదుగుందంటివి. మల్ల చేదెందుకు?"

"నా నోటి చేదు వేరు, దాని చేదు వేరు."

అరిచాను. రోగం మనిషి మీద, మంచంలో లేవలేని దాని మీద అరిచాను. నీకోసం ఎక్కడెక్కడ తిరిగానో తెలుసా అన్నాను, బతకాలని లేదా అన్నాను. మేడ మీది పిల్ల నెమ్మదిగా మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆమె అరచేతిలోని ముద్దను దుప్పటి అంచుకు తుడుచుకుంది. తిట్టే ఓపిక ఉన్న రోజుల్లో అయితే నన్ను నిలువునా కడిగేసేది. 

ఆ చేదేమిటో తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు, మా బేకరీలో భట్టీ మీద కేకులు కాల్చిన ఉస్తాద్. నాంపల్లిలోనే దర్గా వెనక గల్లీలో కొడుకు దగ్గరుంటాడు. ఇప్పుడు చూపు లేదు. ఆదివారం పొద్దున్నే వెళ్ళి తలుపు కొట్టాను.

"కౌన్?"

"నేను ఉస్తాద్, కౌంటరోణ్ణి."

"అరే కౌంటర్ సాబ్! ఇంక బతికే ఉన్నవా?"

"నువ్వు ముందు పోతవని సూస్తున్న."

నవ్వి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సంగతంతా చెప్పాను. గీకి పారేసిన పొర గురించి చెప్పేసరికి దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"గన్నేండ్లు అమ్మినవ్, దాంట్ల ఏముందో మాలూమ్ లేదా? మాడిన ముక్కలు భాయ్! ట్రే అంచుకు అంటుకున్నయి, అడుగు నల్లబడ్డయి, ఎవ్వడూ కొననియి. అన్నీ ఒక డబ్బాల ఏసి, ఎండినంక దంచి గుండ్రంగ చేస్తుంటిమి. సేఠ్ ఏదీ పారేయనియ్యకపోతుండె."

"నేను జనానికి ఫస్ట్ క్లాస్ కేకు అని చెప్పిన కదయ్యా!"

"నువ్వు చెప్పినవ్, ఆళ్ళు తిన్నరు. ఎవరన్నా వాపస్ తెచ్చిన్రా? ముప్పై నాలుగేండ్లల్ల ఒక్కసారన్న లోపలికి తొంగి సూసినవా నువ్వు? అంగి ఖరాబైతదని భట్టీ దిక్కే రాకపోతుంటివి."

ఇంకెప్పుడైనా అయితే ఆ కోపంతో నెల రోజులు బతికేవాణ్ణి. ఎంతమందికి ఎన్ని అబద్ధాలు చెప్పించారు నాచేత! ఎవరూ తీసుకోని మాడును కాగితంలో చుట్టి పండగ పేరిట పెళ్ళానికి తీసుకుపోయానన్నమాట. కానీ ఆ ఒక్క ఆదివారమే మిగిలింది. తెల్లారితే సోమవారం.

"పెనం మీద కాల్చు" అన్నాడు ఉస్తాద్. "బొగ్గు చెయ్యకు. నల్లబడే ముందు జర ఇవతల ఆపు. కంటితోని కాదు, ముక్కుతోని చూడాలె. భాభీకి సలాం చెప్పు."

మిగిలిన ప్యాకెట్లు చిదిమి రొట్టెల పెనం మీద పోశాను. మొదటి వాయి బొగ్గయింది. పొగకు పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి, "ఏం తగలవెడుతున్నవ్ తాతా, ఇల్లా?" అంది. రెండో వాయికి కళ్ళు మూసుకుని నిలబడ్డాను. తీపి వాసన పోయి, గొంతులో గీరుకునే వాసన మొదలవుతుండగా దించేశాను. ఈసారి డబ్బాపాలు నాలుగు చుక్కలే పోశాను. ఉండలు బీటలు వారి, వంకరటింకరగా వచ్చాయి. చాక్లెట్ కూడా సరిగా అంటలేదు.

ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆమె కళ్ళు మూసుకుంది.

"ఔ" అంది. "గిదే."

ఆ మాట విన్నాక నాకు పిచ్చి పట్టింది. మంచం పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. ఆమె ఒక ముక్క మింగడం, నేను ఇంకొకటి అందించడం. వద్దన్నట్టు తల తిప్పితే, "ఒక్కటే. నాకోసం" అన్నాను. మళ్ళీ ఒక్కటే. దీపాలు పెట్టే వేళకు ఒకటిన్నర ఉండలు తిన్నది. గొట్టాన్ని గెలిచేశాననుకున్నాను. మిగిలినవి స్టీలు డబ్బాలో పెట్టి, సోమవారం ఆటోలో ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆమెను దవాఖానాకు తీసుకుపోయాను.

అక్కడ ఆమెను తూకం మిషను మీద నిలబెట్టారు. గురువారం కంటే ఇంకా తగ్గింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"తిన్నది మేడమ్! నిన్న ఒకటిన్నర తిన్నది" అన్నాను.

"ఏం తిన్నది తాతా?"

డబ్బా మూత తీసి చూపించాను. "ఇప్పుడు గూడ తింటది, సూడుండ్రి" అని ఒక ఉండ తీసి ఆమె నోటి దగ్గర పెట్టాను. ఆమె పెదాలు విప్పలేదు. నేను ఆగలేదు. "తిను. ఒక్క కొరుకు. డాక్టరమ్మ సూస్తున్నది. నీకు దండం పెడత, తినే!" నా గొంతు ఎంత పెరిగిందో నాకు తెలియదు. లైనులో ఉన్నవాళ్ళంతా మా వైపే చూస్తున్నారు. ఆమె పెదవి మీద, గడ్డం మీద చాక్లెట్ పూసుకుపోయింది.

ఆమె చెయ్యెత్తి నా చేతిని పక్కకు జరిపింది. ఆ చేతిలో పిట్టంత బలం లేదు. అయినా నా చెయ్యి జరిగింది.

"ఇగ నాతోని కాదయ్యా" అంది. "నిన్న నీ మొకం సూసి తిన్న. మంచిగనే ఉండె, కాదంటలేను. కని నీ మొకం సూసుకుంట ఎన్నని తినాలె? పెడితే పెట్టనియ్యి గొట్టం. నన్ను జర పండుకోనియ్యి."

"ఆ వార్డుల ముగ్గురు..." అని ఏదో అనబోయాను.

"వాళ్ళ రోగాలు వేరు తాతా" అంది డాక్టరమ్మ. "ఈమెకు తిండే మందు. తినే బలం వచ్చేదాకే గొట్టం."

అది నిజమో, నన్ను ఊరుకోబెట్టే మాటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె పెదవి మీది చాక్లెట్ నా తువ్వాలుతో తుడిచి, బయటికి వచ్చి నిలబడ్డాను. లోపలి నుంచి దగ్గు వినబడింది. తర్వాత ఏమీ వినబడలేదు. ఆ ఏమీ వినబడనంత సేపు నేను ఎవరికి మొక్కానో చెప్పను.

లోపలికి పిలిచారు. ముక్కు మీద తెల్ల ప్లాస్టర్, చెంప మీదుగా సన్నటి గొట్టం. వడగట్టిన జావ గొట్టంలో ఎట్లా పోయాలో నర్సమ్మ నాకు నేర్పింది. పెద్ద సిరంజి లాంటి దాన్ని పైకి పట్టుకుంటే జావ దానంతట అదే దిగుతుంది. నేను మధ్యలోనే దించబోయాను. "తొందరేం లేదు తాతా, పైకి పట్టుకో" అంది. గీతలు ఒక్కొక్కటే దాటుకుంటూ జావ దిగింది. గ్లాసెడూ దిగింది. ఎవరూ పళ్ళు బిగించలేదు, ఎవరూ అరవలేదు.

అప్పుడు ఆమె కళ్ళు పక్కకు తిప్పి నన్ను చూసింది. "నువ్వు తిన్నవా?" అంది, ముక్కుతో మాట్లాడినట్టు.

నేను ముందురోజు పొద్దున్నుంచి ఏమీ తినలేదు. "తిన్న" అన్నాను.

"ఏడ తిన్నవ్? మొకం సూడు ఎట్లున్నదో. గా డబ్బా తీయి. నా ముంగట తిను."

వార్డు స్టూలు మీద కూర్చుని ఒక ఉండ నోట్లో పెట్టుకున్నాను. అన్నేండ్లు అమ్మినా ఎన్నడూ పూర్తిగా ఒకటి తినలేదు నేను. చేదుగా, గరగరగా ఉంది. మింగుడు పడలేదు. ఆమె రెప్ప వెయ్యకుండా చూస్తోంది కాబట్టి నమిలాను, నీళ్ళు తాగి మింగాను.

"ఇంకోటి" అంది.