ఉన్నా లేదన్న లైబ్రరీ

మా అక్క గృహప్రవేశంలో బావ నలుగురి ముందు అన్న మాట నాకింకా గుర్తుంది. "మా బామ్మర్ది కంప్యూటర్ ఇంజనీరేనప్పా, మా ప్రింటర్ మాత్రం పక్కింటాయన సరిచేసినాడు." అందరూ నవ్వారు. పాయసం వడ్డిస్తున్నవాడు కూడా నవ్వాడు.

ఆ బావే ఒక ఆదివారం పొద్దున్నే దొడ్డబళ్ళాపురం నుంచి కాడుగోడిలో నా గదికి తన కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి మోసుకొచ్చాడు. పట్టుచీరల డిజైన్లను వాళ్లింటి మగ్గానికి అందించే ఉచిత సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. నేతపని ఇచ్చే కొత్త షావుకారు పంపిన డిజైన్ పాత వెర్షన్‌లో తెరుచుకోవడం లేదు. కొత్త వెర్షన్ ఆ పాత కంప్యూటర్‌కు సిద్ధంగా దొరకదు. సోర్స్ కోడ్ దించుకుని మనమే కంపైల్ చేసుకోవాలి, అంటే దాన్ని నడిచే ప్రోగ్రాంగా మార్చుకోవాలి. సోమవారం పొద్దుటికి మగ్గం మీద నమూనా కనబడకపోతే ఆ పని పక్క వీధివాళ్లకు పోతుంది.

"మగ్గం ఖాళీగా నిలబడి ఉండాది. మధ్యాన్నం బండికి పోవల్ల," అన్నాడు, కూర్చోకుండానే.

కంపైల్ మొదలుపెట్టాను. దానికి కావలసిన ఒక లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ మూట, లేదంది. వేశాను. ఇంకొకటి లేదంది. అదీ వేశాను. మూడోదాని దగ్గర మొండికేసింది. వేసినా లేదంటుంది. తీసి మళ్లీ వేశాను. లేదంది.

బావ నా భుజం మీదుగా అక్షరాలు కూడబలుక్కున్నాడు. "మళ్లీ అదే పేరప్పా. అది లేదంటాది, నువ్వు వేస్తావు. మగ్గం మీద పడుగు పోగులు అతికేదానికి ఇద్దరు ఎదురెదురుగా కూచుంటారు. నేనూ ఒకపక్క కూచునేదా?"

"నువ్వు కాఫీ తాగు బావా."

"రెండు తాగినా."

ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లను వాళ్ల వెబ్‌సైట్‌లో అడగవచ్చు. కానీ నిరుడు నేనొక సందేహం అడిగితే, ముందు సూచనలు చదవమని ఒక్క ముక్క రాసి నా ప్రశ్నను మూసేశారు. చచ్చినా అడగను. వాళ్ల సూచనలు కూడా అప్పటినుంచి తెరవలేదు.

అక్క ఫోన్ చేసింది. నేతగాడు వచ్చి మగ్గం దగ్గర కూర్చున్నాడట. బావ గడియారం చూశాడు, నన్ను చూడలేదు. తిట్టినా అంత మండేది కాదు.

సూచనలు తెరిచాను. లైబ్రరీ నడవడానికి ఒక ప్యాకేజీ అట, దాన్ని వాడి కొత్త ప్రోగ్రాం కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్లకు ఇంకో ప్యాకేజీ అట. నేను మొదటిదాన్నే మళ్లీ మళ్లీ వేస్తున్నాను. ఫలానా ఫైలు కావాలని చెప్పడానికి దానికి నోరేమైంది? ఇంట్లో ఉన్న మనిషిని లేడని చెప్పించినట్టు, ఉన్నదాన్ని లేదనడమెందుకు?

రెండోది వేశాను. ఈసారి ఆగకుండా చివరిదాకా పోయింది. తెర మీద చీర అంచు, మామిడిపిందెలతో సహా, విచ్చుకుంది.

బావ అక్కకు ఫోన్ చేశాడు. "అయ్యింది. ఏమంత లేదులే, ఏందో తక్కువుండె, వేసినాడు."

ఏమంత లేదట.

సాయంత్రం అక్క ఫోన్ చేసి, ఫోన్‌ను ఆడుతున్న మగ్గం దగ్గర పెట్టింది. ఆ చప్పుడు ఎంతసేపైనా వినేవాణ్నే. వెనక నుంచి బావ గొంతు వినిపించింది. "ప్రింటర్ మళ్లీ చెడిపోయింది, తెచ్చేదా అని అడుగు."

"ఏం, పక్కింటాయన లేడా?" అన్నాను.

అక్క పెట్టేసేలోపే మళ్లీ నేనే తెమ్మన్నాను.