ఎల్లప్ప సాకిన బ్యాటరీలు

ఎమ్మిగనూరులో మా చేనేత పొదుపు సంఘం ఆఫీసు వెనక చిన్న సర్వర్ గది ఉంది. సంఘం లెక్కలన్నీ అందులోని కంప్యూటర్లలోనే. కరెంటు పోతే అవి ఆరిపోకుండా ఓ మూలన యూపీఎస్, దాని పక్కన ఇనుప అరల్లో బ్యాటరీలు. వాటిని చూసుకునేవాడు ఎల్లప్ప. గోనెగండ్ల మనిషి. ట్రాక్టర్ బ్యాటరీలు బాగుచేసే కొట్టులో పని నేర్చి ఇక్కడ కుదిరాడు.

అప్పట్లో ఎండాకాలం వస్తే కరెంటు ఇష్టమొచ్చినప్పుడు పోయేది. ఎల్లప్పకు ఊపిరాడేది కాదు. బ్యాటరీల్లో నీళ్లు పోయడం, చిలుము గీకడం, యాసిడ్ పడి చొక్కాలన్నీ చిల్లులు. కరెంటు పోయిన సంగతి కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లకు తెలిసేదే కాదు. తెలియనిదానికి ఎవరు మెచ్చుకుంటారు? ఎవరూ మెచ్చుకోలేదు.

ఇప్పుడు కరెంటు పోవడమే తక్కువ. కొన్నేళ్ల కిందట వచ్చిన ఈ బ్యాటరీలు కూడా మూత తీసే పనిలేని రకం, నీళ్లు అడగవు. అయినా ఎల్లప్ప రోజూ పొద్దున్నే ఒక్కోదాని మీద అరచెయ్యి ఆనించి చూస్తాడు, పిల్లలకు జ్వరం చూసినట్టు. వైర్లు బిగిస్తాడు, దుమ్ము తుడుస్తాడు. ఏసీ ఆగితే ఆఫీసంతా గోల చేస్తాడు. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుంటాడు. కూర్చున్న మనిషే మేనేజర్ రవికుమార్ కంట్లో పడ్డాడు.

"ఎల్లప్పన్నా, బ్యాటరీల కాడ ఇంగా ఓ మనిషి ఎందుకని సంఘం కమిటీవాళ్లు అడుగుతాండారు," అన్నాడొకరోజు. "ఆదివారం మెయిన్ స్విచ్చి దించి సూద్దాం. కంప్యూటర్లు బ్యాటరీల మీద గంటసేపు నడిస్తే, ఆదోని మెకానిక్కు మూడు నెలలకోసారి వచ్చిపోతే సాలు. నడవకపోతే నువ్వుండాల్సిందేనని నేనే సెప్తా."

పని బాగా చేసుంటే ఉద్యోగం పోతుంది, చెడగొట్టి ఉంటే నిలుస్తుంది. ఇంత వంకర ఆలోచన కమిటీలకు తప్ప ఇంకెవరికీ తట్టదు.

ఎల్లప్ప మాత్రం ధైర్యంగానే ఉన్నాడు. బ్యాటరీలు ముసలివైపోయాయి, గంటసేపు ఎక్కడ లాగుతాయి? భార్య హులిగమ్మకు ఆ మాటే చెప్పాడు. ఆమె అవి ఆగిపోవాలని మారెమ్మకు మొక్కుకుంది.

ఆదివారం మెయిన్ దించారు. యూపీఎస్ కూత మొదలైంది. ఎల్లప్ప స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాడు. లోపల్లోపల, ఆగిపోండి, ఆగిపోండి అనుకుంటూనే ఉన్నాడు. అరగంట గడిచాక లేచి చెయ్యి పెట్టి చూస్తే, కింది అరలో చివరి బ్యాటరీ వేడెక్కుతోంది. ఆయన ఎదురుచూసింది అదే. తీరా ఆ వేడి చేతికి తగిలేసరికి, మూల పడున్న అట్టముక్క తీసుకుని, గొంతుక్కూర్చుని దానికి విసరడం మొదలుపెట్టాడు.

రవికుమార్ నవ్వాడు. "అన్నా, ఇంతకీ నువ్వు యా పక్క?"

ఎల్లప్ప చెమటలు కారుతున్నా విసురుతూనే ఉన్నాడు.

గంట దాటింది. కంప్యూటర్లు చెక్కుచెదరలేదు.

"భలే సాకినావన్నా వీటిని!" అని రవికుమార్ భుజం తట్టాడు. ఎల్లప్ప ముఖం విప్పారింది. ఆ గదిలో ఆయన విన్న మొదటి మెప్పు అది. ఉద్యోగం పోయిందన్న సంగతి మెయిన్ పైకెత్తేటప్పుడు గానీ గుర్తుకు రాలేదు.

ఇంట్లో హులిగమ్మ రొట్టెలు కాలుస్తోంది. "ఆగినాయా?" అంది, ఆయన చెప్పులు విడవకముందే.

"ఆగలేదు." గొంతులో గర్వం దాచలేకపోయాడు. అట్టముక్క సంగతీ చెప్పేశాడు.

"విసరకుండా కూసోనుంటే నీదేం పోతాండె?"

"సేతులు ఊరుకోలేదే."

ఆమె పొయ్యి ముందే కూలబడి ఏడ్చింది. ఎల్లప్పకు అప్పుడు నిజంగా సిగ్గేసింది, భయమూ వేసింది. పెనం మీద మాడుతున్న రొట్టెను తానే తిప్పాడు.

మరునాడు పొద్దున్నే ఆదోని బస్సెక్కాడు. మెకానిక్ కొట్టు వెతుక్కుంటూ పోయి, కింది అరలో చివరిది వేడెక్కుతోందని, మూడు నెలలు ఆగకుండా ముందే ఒకసారి వచ్చి చూడమని చెప్పి వచ్చాడు.