తువ్వాలు కింద జర్మనీ కారు

వయసులో ఉన్నప్పుడు మనిషికి చెవులుండేది మంచిమాట వినడానికి కాదని నాకిప్పుడు తెలుస్తోంది. ఆ రోజుల్లో నా చెవులు ఒక కారు తలుపు చప్పుడు విన్నాయి. అంతే, మరి ఆరు నెలలపాటు ఇంకేదీ వినలేదు.

అప్పుడు పాతపట్నంలో నాకొక అంబాసిడర్ టాక్సీ ఉండేది. పురిటి నొప్పులొచ్చిన వాళ్ళను శ్రీకాకుళం చేర్చేది, ఒడిశా వైపు సంబంధాలు చూడబోయే వాళ్ళను ఎనిమిదేసి మందిని మోసేది, తిరిగొచ్చేటప్పుడు డిక్కీలో పనసకాయలు తెచ్చేది. నాకు చదువు లేదు. (అక్షరాలు నలభయ్యో ఏడు దాటాక మా అమ్మాయి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అందుకే రాయడం మొదలెడితే బ్రేకు ఎక్కడుందో కాలికి దొరకదు.) మైలురాయి మీద ఏముందో చదవలేకపోయినా, చీకట్లో మలుపును బట్టి ఏ ఊరో చెప్పేవాడిని. ఇంట్లో అన్నానికి లోటు లేదు. లోటు లేనివాడికే బుద్ధి పెడదారి పడుతుంది. ఒకనాడు ఒక రోగిని దించడానికి శ్రీకాకుళంలో డాక్టరమ్మగారి ఇంటికి వెళ్ళాను. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో చేసి రిటైరైన పెద్దావిడ, భర్త పోయారు. ఇంటి వెనక షెడ్డులో ఒక కారు ఉంది. విశాఖపట్నంలో పనికొచ్చిన జర్మనీ ఇంజినీరొకడు వెళ్ళిపోతూ అమ్మితే ఆవిడ భర్త కొన్నారట. నల్లగా, పొడుగ్గా, ఎవరితోనూ మాట్లాడనట్టు నిలబడి ఉంది. ఆవిడ డ్రైవరు ఏదో తీసుకుని దాని తలుపు వేశాడు. మన బండి తలుపు వేస్తే టంగుమంటుంది, ఒక్కోసారి రెండుసార్లు కొట్టాలి. ఆ తలుపును వాడు వేలితో నెట్టాడు. పెద్ద భోషాణం మూత నెమ్మదిగా దించినట్టు ‘ధుబ్’ మంది. నేను నిలబడిపోయాను. రోగి తాలూకు మనిషి డబ్బులు చేతిలో పెట్టినా చూడలేదు.

“అమ్మేస్తారట,” అన్నాడు డ్రైవరు. “అమ్మగారికి మునుపట్లా కళ్ళు ఆనట్లేదు, బండి ఎక్కి తిరిగేదేటి?”

ఇక నా లెక్కలు మొదలయ్యాయి. నా అంబాసిడర్‌ను పర్లాకిమిడి ఆసామి ఒకడు ఎప్పటినుంచో అడుగుతున్నాడు. అది వాడికిచ్చేసి ఇది తెస్తే, టెక్కలి నుంచి కళింగపట్నం దాకా ఏ పెళ్ళికొడుకైనా నా బండి కోసమే ముహూర్తం మార్చుకుంటాడు. ఇంటికొచ్చి మా ఇంటిదానికి చెప్పాను. అది చేపలు తోముతోంది, తల ఎత్తలేదు.

“ఆ బండి మనకి అన్నం పెడతన్నాది. జర్మనీ బండి ఏటి పెడతాది, బిస్కట్లా?”

“నీకేటి తెలుసే? దాని తలుపు ఉన్నాదే...”

“మా నాన్న సూసి ఊఁ అంటే కొను. నేదంటే ఆ తలుపుకీ నీకూ పెళ్ళి సేసి నాను పుట్టింటికి పోతాను.”

వాళ్ళ నాన్నంటే నాకు మేనమామే. మా వైపు పశువుల సంతల్లో ‘తువ్వాలు మావ’ అంటే తెలియని ఎద్దు కూడా లేదు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం కుదర్చడం ఆయన పని. ఆ బేరం నోటితో ఆడరు. చేతుల మీద తువ్వాలు కప్పి, కింద వేళ్ళు పట్టుకుని ఆడతారు. వేలు పడితే ఒక లెక్క, చెయ్యంతా పడితే ఒక లెక్క. ఇష్టం లేకపోతే చెయ్యి వదిలెయ్యడమే, కాదన్న మాట ఉండదు. అరచెయ్యి నొక్కితే మాత్రం బేరం అయినట్టే. నొక్కాక వెనక్కి పోయినవాడు మళ్ళీ ఏ సంతలోనూ పలుపు పట్టలేడు. అలాంటి మామను, జన్మలో కారుకు బేరమాడని మనిషిని, నా అంబాసిడర్‌లో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను. (కారు కొనడానికి ఎడ్ల బేరగాడిని తీసుకెళ్ళినవాడు జిల్లాలో నేనొక్కడినే అనుకుంటాను. అప్పుడు సిగ్గుపడ్డాను. ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాను.)

వెళ్ళేసరికి పది దాటింది. డ్రైవరు కారు తుడిచి, అద్దంలా చేసి వాకిట్లో నిలబెట్టాడు. మామ దగ్గరికి పోలేదు. దూరంనుంచి ఒక చుట్టు తిరిగాడు. ఇంకొక చుట్టు తిరిగాడు. మూడో చుట్టులో వచ్చి, జ్వరం చూసినట్టు బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.

“వొళ్ళు కాగుతన్నాదే.”

“ఎండ మావా,” అన్నాడు డ్రైవరు.

“ఎండైతే వీపంతా కాగాల. తలకాయొక్కటే ఎందుకు కాగతాది? నువ్వు దీన్ని మేం రాకముందే లేపేసినావు.” నా వైపు తిరిగాడు. “ఒరే అల్లుడూ, పశువుని మేపి కడిగినాక సూడకూడదు. పడుకున్నది లేచినప్పుడు సూడాల. ఏ కాలు ముందెడతాది, ఏ కాలు ఈడుస్తాదని అప్పుడే తెలుస్తాది. పొద్దుటేల వద్దాం, పద.”

నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరమ్మగారు వరండాలో వాలుకుర్చీలోంచి అంతా వింటున్నారు. “పెద్దాయన చెప్పింది నిజమే. రేపు ఆరింటికి రండి. అప్పటిదాకా బండి జోలికి ఎవరూ పోరు,” అని బండిని షెడ్డులో పెట్టించి, తాళంచెవి డ్రైవరు చేతిలోంచి తీసుకుని బైబిలు పక్కన పెట్టుకున్నారు.

ఆ పూటకి శ్రీకాకుళంలోనే చుట్టాల ఇంట్లో ఉండిపోయి, తెల్లారగానే వెళ్ళాం. షెడ్డులో మామ మళ్ళీ కారు వైపు చూడలేదు, నేల చూశాడు. కొత్త ఇసుక తెల్లగా పరిచి ఉంది. “కట్టుగొయ్య కాడ సోటు సూడాల, పశువుని కాదు,” అంటూ కాలి బొటనవేలితో ఇసుక కెలికాడు. కింద నల్లగా, జిడ్డుగా, పళ్ళెమంత మచ్చ. ఇంకొకచోట కెలికితే ఇంకొకటి. “ఉచ్చపోత గట్టిదేరా,” అన్నాడు మెల్లగా. డాక్టరమ్మగారు డ్రైవరు వైపు చూశారు. “ఇసుక ఎప్పుడు పోశావు?” వాడు దోమల మందు గురించి ఏదో అన్నాడు. దోమలకీ ఇసుకకీ ఏమి చుట్టరికమో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

తాళం తిప్పాను. కారు ఒకసారి దగ్గింది, రెండోసారి మూలిగింది, మూడోసారికి ఇంత నీలం పొగ వదిలి లేచింది. లేచాక మాత్రం అబ్బ, ఆ ఇంజను పాడే తీరు! మా అంబాసిడర్ మాట్లాడుతుంటే పక్కవాడి మాట వినబడదు. ఇది తనలో తాను ఏదో అనుకుంటున్నట్టే ఉంది. ఆమదాలవలస రోడ్డులో నాలుగు మైళ్ళు తోలాను. గతుకుల్లో ఊగింది గాని ఒక్కసారి కుదపలేదు. వెనక సీట్లో మఠం వేసుకుని కూర్చున్న మామ కళ్ళు మూసుకున్నాడు. స్పీడు బ్రేకరు రాగానే అలవాటుగా “హో... హో...” అన్నాడు. తిరిగొచ్చి దిగి, మడ్గార్డు మీద చేత్తో నిమురుతూ నాతో ఒక్కడితోనే అన్నాడు. “జాతి మంచిదిరా. ఇలాంటి నడక నాను మూడు ఎడ్లకే సూసినాను. గాని ముసిలిదైపోనాది. ఎడం పక్క ఎనక కాలు వాలుతన్నాది. రెండు దుక్కులు దున్నుతాది, మూడో దుక్కికి కూలబడతాది. అప్పుడు దీనికి మందెయ్యడానికి మన తట్టు ఒక్కడూ నేడు. ఏటంటావు?”

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. “మావా, ఆ తలుపు ఒకసారి ఎయ్యి,” అన్నాను.

మామ తలుపు వేశాడు. ధుబ్. నా మొహం చూశాడు. “బండి కొంటన్నావా, తలుపు కొంటన్నావా?” అని అడిగి, జవాబు కోసం ఆగలేదు. మేనల్లుడినే అయినా అల్లుడిని. అల్లుడు మనసు పడ్డదాన్ని కాదనే అలవాటు మా మామలకు లేదు. కాదన్న మాట అవతలినుంచి రావాలి. అదెలా రప్పించాలో తువ్వాలు మావకు ఒకరు నేర్పాలా?

భుజం మీది తువ్వాలు తీసి దులిపి వరండా మెట్టెక్కాడు. తీరా అక్కడున్నది ఆడమనిషి. తువ్వాలు పట్టుకుని నిలబడిపోయాడు.

“ఎంతిస్తారో చెప్పండి, పెద్దాయనా,” అన్నారు డాక్టరమ్మగారు.

“పశువు ఎదురుగా దాని ధర అనకూడదమ్మా. దానికి సిన్నతనం.”

“కారుకు కూడానా?”

“జర్మనీదైతే మాత్రం మనసుండదేటి?”

ఆవిడ నవ్వి, చీర కొంగు సర్దుకుని, కుడిచెయ్యి చాచారు. “మా నాన్న నన్ను మెడమీద కూర్చోబెట్టుకుని సంతకు తీసుకెళ్ళేవాడు. వేళ్ళ లెక్క నాకూ తెలుసు. కప్పండి తువ్వాలు.”

“పరాయి ఆడకూతురి సెయ్యి...”

“నలభై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళందరి చెయ్యీ పట్టుకుని నాడి చూశాను. నా చెయ్యి పట్టుకోవడానికి మీరా సిగ్గుపడేది?”

మామ మొహం చూడాలి అప్పుడు. ఎన్ని వందల జతలు తువ్వాలు కింద చేతులు మార్పించిన మనిషో, పెళ్ళిపీటల మీద కొత్త పెళ్ళికొడుకులా తల దించుకున్నాడు. తువ్వాలు కప్పాడు. బట్ట కింద ఏదో కదిలింది. ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. అంత తక్కువ ధర పెడితే ఎవరైనా చెయ్యి విదిలించుకుని పొమ్మంటారని మామ నమ్మకం. నేనూ ఆయన మొహం చూసే కనిపెట్టాను. ఇక ఆవిడ చెయ్యి వదిలేస్తారు, నా కారు పోయింది అనుకున్నాను.

ఆవిడ వదల్లేదు. మామ మొహంలోకి కాసేపు చూశారు. తర్వాత తువ్వాలు కింద అరచెయ్యి గట్టిగా నొక్కారు. “కుదిరింది,” అన్నారు.

మామ తువ్వాలు తియ్యడం మరిచాడు. డ్రైవరు గోడకు ఆనుకున్నాడు. నేనైతే ఎగిరి గంతేసినంత పని చేశాను.

తిరుగు దారి పట్టాం. ఎంతకు కుదిరిందని నాలుగుసార్లు అడిగాను. “తువ్వాలు కిందిది తువ్వాలు కిందే,” అన్నాడు. (ఇప్పటికీ నాకు తెలియదు.) ఊరు దగ్గరపడ్డాక అన్నాడు. “ఒరే, పర్లాకిమిడి ఆసామికి నేదని సెప్పెయ్. ఈ బండి అమ్మకు.”

“మరి ఆ బండి?”

“సెయ్యి నొక్కించుకున్నది నాను. నా సెయ్యి కాబట్టి బండి నాది. నీ బండి నా కూతురికి కూడెడతన్నాది, దాని జోలికెళ్ళకు.”

వారం తిరిగేసరికి మామ ఇంటి ముందు ఎడ్లు లేవు. ఆయన తన కోసం ఏరుకున్న జత అది. సంతలో ఎవడు ఎంతడిగినా ఇవ్వనిది. ఎడ్లశాలలో వాటి చోట నల్లగా జర్మనీ కారు నిలబడింది. మా అత్త వీధిలో నిలబడి అరిచింది. “ఓలమ్మా, నచ్చిమిలాటి ఎడ్లని తోలేసి ఇనప దున్నపోతుని తెచ్చినాడు! దీనికి గడ్డెయ్యాలా, కుడితెట్టాలా?” నేను తల ఎత్తలేకపోయాను. బండి తేవడానికి వెళ్ళినప్పుడు ఎందుకు ఒప్పుకున్నారని డాక్టరమ్మగారిని అడిగాను. “ఇంతకుముందు వచ్చిన వాళ్ళందరూ రంగు చూశారు. మీ మామ ఒక్కడే దాని జబ్బంతా చూశాడు. చూశాక కూడా, దిగేటప్పుడు దాన్ని నిమిరాడు. అలాంటి వాళ్ళకే ఇవ్వాలి ముసలివాళ్ళని,” అన్నారు.

అంబాసిడర్ కూడు పెట్టింది. జర్మనీ కారు పెళ్ళిళ్ళు చేసింది. నేనే తోలేవాడిని. కళింగపట్నంలో పెళ్ళికొడుకును దించితే చేపలు ఎండేస్తున్న ఆడవాళ్ళు పనులాపి వచ్చి దాని అద్దాల్లో మొహాలు చూసుకున్నారు. శ్రీముఖలింగంలో పెళ్ళివారు వధూవరుల కంటే ముందు దానికి హారతిచ్చారు. అద్దె డబ్బులతో మామ మళ్ళీ ఎడ్లు కొన్నాడు. మునుపటి జతలాంటివి కావు. ఒక వానాకాలం నడిచింది, రెండో వానాకాలం నడిచింది. మూడో వానాకాలం మొదటి పెళ్ళికి తాళం తిప్పితే ఎడమ పక్క వెనక కాలు వాల్చి కూలబడింది. మందెయ్యడానికి మా తట్టు ఒక్కడూ లేడు. ఏ బడికీ పోని మామ, నాలాగే వేలిముద్ర మనిషి, జర్మనీ వాడు చేసిన బండికి ఆయువు లెక్క కట్టి చెప్పాడు. అది తప్పలేదు.

చివరికి పాత ఇనుము వాడు వచ్చి పట్టుకుపోయాడు. ఆ సాయంత్రం మామ ఒక తలుపు నెత్తిన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. “నువ్వు కొందామనుకున్నది ఇదే కదేటిరా,” అని గుమ్మంలో దించాడు. దాన్ని మా కోళ్ళగూటికి బిగించాను. ఎంత నెమ్మదిగా వేసినా టంగుమనేది. ఆ ‘ధుబ్’ తలుపుది ఒక్కదానిదే కాదని, వెనకాల అంత బండి ఉండబట్టి అలా మోగేదని అప్పుడు తెలిసింది.

మొన్న మా అమ్మాయి విజయనగరం నుంచి ఫోన్ చేసింది. అక్కడ బ్యాంకులో పని దానికి. పాత జర్మనీ కారు ఒకటి, కొత్త చిన్న కారు ధరకే వస్తోందట. “కొనొచ్చేటి నాన్నా?” అంది. నేను ఇంతెత్తున లేచాను. కొన్నప్పుడు చవకే, మందు వేయించినప్పుడు తెలుస్తాది, ముసలిదాన్ని నమ్ముకుని ఉన్న బండి అమ్ముకోకు, నేల చూడు, వొళ్ళు ముట్టి చూడు, అని మామ మాటలన్నీ నావే అన్నట్టు అప్పజెప్పాను. “సర్లే, ఒకసారి సూడు,” అని ఫోన్లో వీడియో పెట్టి బండి చూపించింది. అటూ ఇటూ తిప్పి, తలుపు తీసి, వేసింది.

ధుబ్.

“ఏటి నాన్నా, కొనొద్దంటావా?”

“రేపు పొద్దున్నే వస్తాను,” అన్నాను. “నేనొచ్చేదాకా ఆ బండిని ఎవరూ లేపకూడదని సెప్పు.”

ఫోన్ పెట్టి చూసుకుంటే, భుజం మీద ఉండాల్సిన తువ్వాలు మడతపడి చేతిలో ఉంది. మా ఇంటిది గుమ్మంలోంచి అంతా చూస్తోంది.

“ఈసారి ఎవులి ఎడ్లు అమ్మిస్తావు?” అంది.

నవ్వాను. ఎడ్లూ లేవు, మామా లేడు. పెరట్లోకి వెళ్ళి కోళ్ళగూటి తలుపు ఒకసారి తీసి, వేలితో మెల్లగా నెట్టాను. టంగుమంది.