బావగారి బండికి నేను చేసిన మీటరు వైద్యం

ఆ రోజుల్లో మా బందరులో మోటారు సైకిలు ఉన్నవాడికి ఎంత గౌరవం ఉండేదో, అడిగితే దాన్ని ఇచ్చేవాడికి అంతకు రెట్టింపు ఉండేది. మా బావ అడక్కుండానే ఇచ్చే రకం. అక్క మొగుడు, గుడివాడలో ఎరువుల కొట్టు. బండిని కన్నకూతురిలా చూసుకునేవాడు (పాత టూత్‌బ్రష్షుతో చువ్వలు తోమడం నేను కళ్లారా చూశాను). బీయస్సీ సెకండు క్లాసులో గట్టెక్కి ఏడాదిన్నరగా ఇంట్లో కూర్చున్న నాకు అవనిగడ్డలో ఒక ప్రైవేటు స్కూలు నుంచి సైన్సు టీచరు ఇంటర్వ్యూ వచ్చిందని తెలిసి, ఆ బండి తనే తెచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "బస్సులో నలిగి వెళ్తే ఉద్యోగం ఎవరిస్తారయ్యా? దర్జాగా వెళ్లు. అవనిగడ్డ వెళ్లి రావడం, బండి పెరట్లో పెట్టడం, అంతే. ఊళ్లో తిప్పమాకు. సోమవారం పొద్దున్నే వచ్చి తీసుకెళ్తా" అన్నాడు. అప్పట్లో మా ఇంట్లో ఉప్పు తెమ్మని కూడా నన్ను నమ్మి పంపేవాళ్లు కాదు. నన్ను పనికొచ్చే మనిషిగా చూసింది ఆయనొక్కడే. ఆయన దగ్గర కూడా మాట పడితే ఇక నాకు దిక్కులేదని అనుకునేవాణ్ని.

శనివారం పదకొండింటికల్లా ఇంటర్వ్యూ అయిపోయింది. అక్కణ్నుంచి వెనక్కి తిరిగితే ఏ గొడవా లేకపోయేది. నాగాయలంకలో నా కాలేజీ స్నేహితుడొకడు రొయ్యల చెరువులు వేసి బాగా సంపాదిస్తున్నాడని విన్నాను. వాడి ముందు బండి మీద దిగాలనిపించింది. గుంతల రోడ్డున పడి వెళ్లి దిగాను. (వాడు మేత చల్లుకుంటూ నన్ను చూశాడు గానీ బండిని చూడలేదు.) తిరిగొస్తూ చల్లపల్లి దాటాక కిందికి చూస్తే, యాభై మీద ఉండాల్సిన స్పీడోమీటరు ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. వేలితో తట్టాను, అరచేత్తో చరిచాను, చివరికి బతిమాలాను. లేవలేదు. బావ మాట దాటినందుకే ఇలా అయిందని నాకు రూఢి అయిపోయింది.

మర్నాడు ఆదివారం, కోనేరు సెంటర్లో మెకానిక్కు షాపు మూత. బండిని పెరట్లో సెంటరు స్టాండు వేసి నేనే రంగంలోకి దిగాను. మీటరు కింద కేబుల్ బిగించే నట్టు వదులై, కేబుల్ కాస్త జారి ఉంది. లోపలికి నెట్టి పటకారుతో బిగించాను. అలా రోడ్డెక్కి ఒక్క చుట్టు కొట్టి వస్తే సంగతి తేలిపోయేది. కానీ ఊళ్లో తిప్పవద్దన్నాడు కదా. ముందురోజు నాగాయలంక దాకా ఎగిరెళ్లినవాణ్ని ఆ పూట మాత్రం మాట మీద నిలబడే మనిషినైపోయాను. స్టాండు మీదే స్టార్టు చేసి, గేరు వేసి, యాక్సిలరేటరు తిప్పాను. వెనక చక్రం గిర్రున తిరిగింది. ముల్లు మాత్రం సున్నా దగ్గరే ఉంది.

ఆ మోతకి పక్కింటి ప్రహరీ మీద ప్రయోగం మేష్టారి తల పైకి లేచింది. ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఏది కనబడినా ప్రయోగం చేసి చూడాలంటారు గనక వీధంతా ఆ పేరు పెట్టింది.

"చక్రం తిరుగుతోందా అబ్బాయ్?"

"తిరుగుతోందండి."

"కేబుల్ బిగించావా?"

"బిగించానండి."

"అయితే దోషం మీటరు లోపలే. అందులో అయస్కాంతం ఉంటుంది. అది నీరసించి ఉంటుంది."

ఆయన మా పెరట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. స్క్రూడ్రైవరుతో మీటరు అంచు లేపి మూత తీశాను. అమ్మ మెడలోని పిన్నీసు అడిగి తెచ్చి అయస్కాంతానికి చూపించాం. టక్కున అతుక్కుంది. "నీరసించలేదు" అన్నారు మేష్టారు, కాస్త నిరాశగా. పళ్ల చక్రాలన్నీ తీసి కిరసనాయిలుతో కడిగాం, కుట్టు మిషను నూనె వేశాం. సాయంత్రంలోగా నాలుగుసార్లు బిగించి నాలుగుసార్లు స్టాండు మీద నడిపాం. ముల్లు కదిలితే ఒట్టు.

నాలుగోసారి అమ్మ గుమ్మంలోకి వచ్చి కాసేపు చూసింది. "బండి ఉన్నచోటే ఉందిగదరా, ముల్లెందుకు కదులుద్ది?" అంది.

మేమిద్దరం నవ్వుకున్నాం. "వెనక చక్రం తిరుగుతోంది కదమ్మా, మీటరుకి అదే ప్రయాణం" అని మేష్టారు ఓపిగ్గా వివరించారు. అమ్మ పప్పు పొయ్యి మీద ఉందని లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం మొదటి బస్సుకే బావ దిగాడు. ఆయన కాఫీ గ్లాసు అందుకోకముందే అంతా కక్కేశాను. "మీటరు పాడుచేశాను బావగారూ. మీరు అవనిగడ్డే అన్నారు, నేను నాగాయలంక దాకా వెళ్లాను."

ఆయన గ్లాసు అందుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"అంత దూరం వెళ్లినవాడివి, నాలుగు రొయ్యలన్నా తెచ్చావు కాదు" అన్నాడు.

కాఫీ తాగి, బండిని స్టాండు దింపి వీధి గుమ్మం వైపు నెట్టుకుంటూ నడిచాడు. నేను నేల చూపులు చూస్తూ వెనకే వెళ్లాను. "కదులుతుందిగదయ్యా" అన్న మాట వినబడి తలెత్తితే ముల్లు సన్నగా వణుకుతోంది. బావ ఆగి, మీటరు కింది నుంచి కేబుల్‌ను వేలితో తడుముకుంటూ ముందు చక్రం ఇరుసు దాకా వెళ్లాడు. "మీటరు తిరిగేది దీంతో. స్టాండు మీద ముందు చక్రం నేల మీదే నిలబడుద్ది, ఇక ముల్లేం కదులుద్ది?" అంటే ఆదివారం పొద్దున పటకారు కింద పెట్టేసరికే మీటరు బాగైపోయింది. తర్వాత మేం పగలంతా వైద్యం చేసింది ఏ రోగమూ లేని దానికి. ప్రహరీ మీంచి ఇదంతా చూస్తున్న ప్రయోగం మేష్టారి తల మెల్లగా కిందికి దిగిపోయింది. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

"పద, గుడివాడ దాకా నువ్వే నడుపు. నేను వెనక కూర్చుంటా" అంటూ బావ తాళంచెవి మళ్లీ నా చేతికే ఇచ్చాడు. పెడన దాటి గుడ్లవల్లేరు దాకా నలభై దాటకుండా, పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నట్టు నడిపాను. అక్కడ ఆయన నా భుజం మీంచి తొంగిచూశాడు. "ముల్లు బానే ఉందిగానీ, కిలోమీటర్ల అంకెలు కదలట్లేదేంటి?" అన్నాడు. మీటరు మూసేశాక స్టూలు పక్కన మిగిలిపోయిన చిన్న పళ్ల చక్రం అప్పుడు గుర్తొచ్చింది. (అది అనవసరపు భాగమై ఉంటుందని మేష్టారే తేల్చారు.) చెప్పాను. బావ నవ్విన నవ్వుకి బండి ఊగింది.

అవనిగడ్డ ఉద్యోగం నాకు వచ్చింది. ఆ అంకెలు మాత్రం బావ బాగుచేయించలేదు. ఏడెనిమిదేళ్లకు బండి అమ్మేటప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. కొనడానికి వచ్చినాయన మీటరు చూసి, "ఇన్నేళ్లలో ఇంతేనాండీ తిరిగింది?" అని ఆశ్చర్యపోయాడు.

"ఎంత తిరిగిందో నాకూ తెలీదండి. ఆ మీటరు మా బావమరిది బాగుచేశాడు. సైన్సు మాస్టారు" అని బావ నన్ను చూపించాడు.

ఆ మాటలో వెటకారం ఎక్కడన్నా ఉందేమోనని ఇప్పటికీ వెతుకుతూ ఉంటాను. ఎంత వెతికినా దొరకదు. అప్పుడు నాకు నవ్వొస్తుంది, కళ్లు కూడా కాస్త చెమ్మగిల్లుతాయి.