లాభం తర్వాత రెండు

సిరిగేరిలో మా చిన్నప్పుడు వడ్లు కొలిచేటప్పుడు ఎవరూ ఒకటి అనేవాళ్ళు కాదు. మొదటి సేరు పోసి "లాభం" అనేవాళ్ళు. తర్వాత రెండు, మూడు, నాలుగు. కొలిచేది మగవాళ్ళు. నేను సంచి మూతి తెరిచి పట్టుకుని నిలబడేదాన్ని. అక్షరాలు రావడానికి ముప్పై ఏళ్ళ ముందే నాకు లెక్క వచ్చింది. ఆ లెక్కలో ఒకటి అనే మాట లేదు.

కంప్యూటర్‌కు నేను రాసిన మొదటి పనికొచ్చే ప్రోగ్రాములో తప్పు అక్కడి నుంచే వచ్చింది. అందుకే ఈ మాట ముందు చెబుతున్నాను.

నాకు అక్షరాలు ముప్పై ఎనిమిదో ఏట వచ్చాయి. బళ్ళారిలో మా చర్చి వరండాలో, ఆదివారం ఆరాధన అయిపోయాక, అయ్యగారి భార్య మా అయిదారుగురు ఆడవాళ్ళకు తెలుగు నేర్పింది. కన్నడం బస్సుల బోర్డులు చూసి కూడబలుక్కున్నాను. ఇంగ్లీషు మాత్రం లారీల వెనక నేర్చుకున్నాను. అందరికీ ఇంగ్లీషు ఏ తో మొదలవుతుంది. నాకు కె తో మొదలైంది. కర్ణాటక బండి మీద కె, ఏ, తర్వాత అంకెలు. ఆంధ్రా బండి వస్తే ఏ, పి. అట్లా ఒక్కొక్క అక్షరం చేరింది.

లారీలకేం కొదవ లేదు. కొండలు తవ్వి ఇనుప ఖనిజపు ఎర్రమన్ను రేవులకు తోలుతున్న రోజులు అవి. కౌల్ బజార్‌లో ఒక లారీ ఆఫీసులో నాకు ఊడ్చే పని. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ బండల మీద ఎర్రటి పొర. తాగే నీళ్ళ బిందె మీద, దేవుడి పటం మీద, టైపు చేసే మీటల సందుల్లో కూడా అదే దుమ్ము. ఆ మీటలు తుడవడం నా పనిలో భాగం. కంప్యూటర్ దగ్గరికి నేను చేరింది గుడ్డ పట్టుకునే.

ఆఫీసులో రెండు కంప్యూటర్లు ఉండేవి. ఒకటి కొత్తది. దాని ముందు చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని కాగితాలు టైపు చేసేది. బళ్ళారి టౌన్లో పుట్టి పెరిగిన పిల్ల. రెండోది పాతది, మూలన పడేసింది. నల్ల తెర, తెల్ల అక్షరాలు. మధ్యాహ్నం డ్రైవర్లు లారీల కింద పడుకుని నిద్రపోయే వేళ ఆఫీసు ఖాళీగా ఉండేది. ఒకరోజు నేను మీటలు తుడుస్తూ వాటి మీది అక్షరాలు పైకి చదువుతుంటే ఆ పిల్ల విన్నది.

"ఆంటీ, నీకు చదవను వస్తాదా?"

"లారీ నంబర్లు వస్తాయి పాపా."

"అయితే కూకో. దీనికి మాట చెప్పేది నేర్పిస్తా. సుమ్మనే తుడుస్తాంటే ఏమొస్తాది?"

ఆమె కోర్సు నోటుబుక్కు తెచ్చి నాకు బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్పింది. నేను ఒక డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాను. మొదటి రోజు ప్రింట్ అనే మాట కొట్టి, దాని పక్కన నా పేరు కొట్టి, రన్ అన్నాను. తెర మీద నా పేరు వచ్చింది. చర్చి వరండాలో పలక మీద నా పేరు నేను రాసుకున్నాను. ఇక్కడ నేను చెబితే ఇంకొకరు రాశారు. నా మాట విని ఒకరు ఒక పని చెయ్యడం నాకు అంతకు ముందు తెలియదు.

తప్పు కొడితే సింటాక్స్ ఎర్రర్ అని వచ్చేది. మొదటి వారం అంతా అదే వచ్చింది. కామా మరిచినా, ఒక అక్షరం తారుమారైనా అదే.

"ఇది తిడ్తాండాది పాపా."

"తిట్టేది కాదాంటీ, అర్థం కాలేదంటాది."

"మా ఇంట్లో కూడా అట్లే చెప్తారు, తిట్టినాక."

ఆ పిల్ల పకపక నవ్వింది. నాకేం కోపం రాలేదు. తిట్లు నాకు కొత్త కాదు. ఈ తిట్టులో ఒక మంచితనం ఉంది. సరిచేస్తే ఆగిపోతుంది. కరెంటు పోతేనే ఏడుపొచ్చేది. ఒక మధ్యాహ్నం అంతా కొట్టింది ఒక్క క్షణంలో నల్లటి తెరలో కలిసిపోయేది. మళ్ళీ మొదటి నుంచి.

నాకు బాగా నచ్చింది ఒకటుంది. ప్రతి వరసకూ నంబరు వెయ్యాలి. పది, ఇరవై, ముప్పై అని వెయ్యాలి. ఒకటి, రెండు, మూడు అని ఎందుకు వెయ్యకూడదని అడిగాను.

"ఏమన్నా మర్సిపోయింటే మధ్యలో పెట్టను సోటుండాల గదాంటీ. పదికీ ఇరవైకీ మధ్య పదిహేను పెట్టొచ్చు."

ఆ మాట నేను ఇంటికి తీసుకుపోయాను. నా బతుకులో ఎవరూ అట్లా చోటు వదిలి పెట్టలేదు.

తర్వాత పెట్టెలు చెప్పింది. వరసగా పెట్టెలు ఉంటాయి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్కటి దాచుకోవచ్చు. వాటి లెక్క ఒకటి నుంచి కాదు, సున్నా నుంచి మొదలవుతుంది అంది. అందరికీ ఇది కష్టమట, వాళ్ళ క్లాసులో మగపిల్లలకు కూడా తిరకాసు పడిందట. నాకు వెంటనే అర్థమైంది.

"సున్నా అంటే లాభం, అంతేనా?"

"హౌదాంటీ, అట్లే అనుకో" అంది ఆ పిల్ల. లాభం తర్వాత ఏమంటారో ఆమెకు తెలియదు. తెలుసేమోనని నేనూ అడగలేదు. నాకు అది అడగవలసిన సంగతి అని తోచనే లేదు.

కొన్ని నెలలకు ఆ పిల్లకు హోస్పేటలో పెద్ద ఆఫీసులో పని దొరికింది. వెళ్ళిపోయింది. చక్రాల కుర్చీ ఖాళీ అయింది. రోజూ దాన్ని పక్కకు జరిపి కింద ఊడ్చేదాన్ని. ఒక్కసారి కూడా కూర్చోలేదు.

ఆ రోజుల్లో ఆఫీసులో నిత్యం కొట్లాట. గని నుంచి ఫోన్ వచ్చేది, ఇవాళ మీకు అయిదు బండ్లకే లోడు అని. ఏ అయిదు బండ్లు పోవాలన్నది గోడ మీది పలకలో సుద్దతో రాసేవాళ్ళు. తెల్లారేసరికి ఎవరో ఉమ్మి తడి చేసి తుడిచి తమ నంబరు పైకి రాసుకునేవాళ్ళు. మా యజమాని సిరుగుప్ప దిక్కు వరి పండించే ఇంటివాడు. గనుల కాలం వచ్చాక లారీలకు మారాడు. పొద్దున మొదటి బండికి నిమ్మకాయ తొక్కించి "లాభం" అని పంపేవాడు. కళ్ళం అలవాటు పోలేదు. డ్రైవర్లు దాదాపు అందరూ ఆ ఊళ్ళ వాళ్ళే, లాభం, రెండు, మూడు అనే పిలుచుకునేవాళ్ళు.

ఒకరోజు కొట్లాటలో తలకాయ పగిలి ఒకాయన ఆసుపత్రి పాలయ్యాడు. యజమాని విసుక్కుంటూ, "ఈ బండ్ల సీరియల్ కంప్యూటర్ ఇచ్చేటట్ల ఎవురన్నా చేస్తే, ఆ కుర్చీ వానికే ఇస్తానప్పా" అన్నాడు. నేను చీపురు పట్టుకుని అక్కడే ఉన్నాను.

"నేను చేస్తానప్పా."

అందరూ నవ్వారు. ఒక డ్రైవర్, "అక్క ఊడ్సి ఊడ్సి కంప్యూటర్ లోపల గూడా ఊడుస్తాదంట" అన్నాడు. యజమాని కూడా నవ్వి, "చెయ్ మ్మా. నువ్వు చేస్తే కుర్చీ నీదే. చీపురు ఇంకొకరికి ఇస్తా" అన్నాడు.

ఇరవై రోజులు పట్టింది. నా ప్రోగ్రాము, ఎవరు ముందు వస్తే వాళ్ళ బండి నంబరు ముందు అడుగుతుంది. పెట్టెల్లో దాచుకుంటుంది. చివర అన్నీ వరసగా కాగితం మీద వేస్తుంది. మొదటి బండి సున్నా పెట్టెలో, అంటే లాభం. తర్వాతి బండి రెండు నంబరు పెట్టెలో. అక్కడి నుంచి మూడు, నాలుగు, అయిదు. మొత్తం అయిదు బండ్లు. కాగితం మీద లాభానికీ రెండుకీ మధ్య ఒక వరస ఖాళీగా వచ్చింది. నాకు అందులో తప్పు కనిపించలేదు. మాలో ఎవరికీ కనిపించలేదు. హుబ్బళ్ళి నుంచి వచ్చిన డ్రైవర్ ఒక్కడే "ఒందు ఎల్లి?" అని, ఒకటి ఏదని కన్నడంలో అడిగాడు. "లాభమైనాక ఒకటి ఎవురంటారు?" అని మా వాళ్ళు వాణ్ణి ఎగతాళి చేశారు.

నేను కుర్చీలో కూర్చున్నాను. నా తర్వాత ఊడ్చడానికి వచ్చిన ఆమె కుర్చీ జరపాలంటే, నేను కాళ్ళు పైకి ఎత్తేదాన్ని. ఆ సుఖం నాకు తెలుసు. అబద్ధం చెప్పను.

కొట్లాటలు ఆగిపోయాయి. సిరుగుప్ప దగ్గర కాలువ కింద పొలం అమ్మి ఒక్క లారీ కొనుక్కున్న పెద్దాయన ఒకాయన ఉండేవాడు. నేను మామా అనేదాన్ని. తనే తోలుకునేవాడు. చదువు రాదు. కాగితం మీద ఆయన బండి నంబరు ఎట్లా ఉంటుందో నేనే గుర్తు పట్టించాను. రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"మ్మే, ఈ పొద్దు ఎన్ని బండ్లు?"

"అయిదు మామా. నీది అయిదే గదా, పోలేదా?"

"పోయినా. అయిదు అయిపోయినాయి పో అన్నారు గని గేటుకాడ. మొన్న గూడా ఇట్లే. అయిదుకి అయిదు యాడికి పోతాది మ్మే?"

గోడకు అంటించిన కాగితం దగ్గరికి పోయి చూశాను. లాభానికీ రెండుకీ మధ్య ఖాళీలో పెన్నుతో ఒక బండి నంబరు రాసి ఉంది. యజమాని చేతిరాత. బండి ఆయన బామ్మర్దిది. వెనకటి కాగితాలు తీసి చూశాను. ప్రతి దానిలోనూ ఆ ఖాళీలో ఒక బండి. ఆరు బండ్లు వరసలో ఉన్నాయి, అయిదుకే లోడు. ఎప్పుడూ చివరివాడు తిరిగి వచ్చాడు.

"ఈ పెన్నుతో రాసింది నువ్వు సూడలేదా మామా?"

"సూసినా. కంప్యూటర్ సోటు ఇడిసిందంటే దానికేదో లెక్క ఉంటాది లే అనుకొంటి."

ఆ ఖాళీ ఎట్లా వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది, అది నేను దాటేసిన ఒకటి నంబరు పెట్టె. మరుసటి రోజు ప్రోగ్రాములో రెండు ఉన్నచోట ఒకటి పెట్టాను. ఒక్క అంకె. కాగితం మీద సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు వచ్చాయి. ఎక్కడా సందు లేదు.

యజమాని పిలిచాడు. కోపంగా లేడు. అందుకే నాకు భయమేసింది. తలుపు దగ్గర డ్రైవర్లు నిలబడి వింటున్నారు.

"ఏంది మ్మా ఇది? లాభం అన్నాక ఒకటి అనేది యాడన్నా ఉండాదా? మన కళ్ళాల్లో అంటారా? యాపారం జరిగేసోట ఇట్లా రాస్తే మంచి జరుగుతాదా?"

"ఖాళీ ఉంటే అందులో..."

"ఖాళీ పెట్టింది ఎవురు? నేనేమన్నా పెట్టమంటినా?"

ఆయన తలుపు వైపు చూసి, "మీరే చెప్పండప్పా" అన్నాడు.

అందరికంటే ముందు మాట్లాడింది ఆ పెద్దాయనే. "నిజమే మ్మే. లాభమైనాక రెండే. ఒకటి అనగూడదు. మంచిది కాదు." మిగిలినవాళ్ళు తలలూపారు.

"సరిసెయ్యి" అన్నాడు యజమాని. "లేకుంటే చీపురు ఆడే ఉండాది."

నేను కుర్చీలో కూర్చున్నాను. అప్పటికి నాకు ఇఫ్ తెలుసు. ఫలానా అయితే ఫలానా చెయ్యి, లేకపోతే వదిలెయ్యి. మళ్ళీ రెండు పెట్టి, పెట్టె నంబరు ఒకటి అయితే దాన్ని అచ్చు వెయ్యకుండా దాటిపో అని ఒక్క వరస రాస్తే చాలు. లాభం ఉంటుంది, వెంటనే కింద రెండు ఉంటుంది, మధ్యలో పెన్ను పెట్టడానికి జాగా ఉండదు. ఆచారమూ నిలుస్తుంది, పెద్దాయన బండీ పోతుంది. ముప్పైకీ నలభైకీ మధ్య చోటుంది. ముప్పై అయిదు అని కొట్టాను కూడా.

తర్వాత చీపురు చూశాను. చెరిపేశాను.

ఒకటి తీసి మళ్ళీ రెండు పెట్టాను. ముప్పై అయిదో వరసలో ఇన్‌పుట్ పెట్టాను. చివర్లో ఒకటి నంబరు పెట్టెలోకి ఒక బండి నంబరు అడిగేటట్టు. యజమాని అట్లా చెయ్యమని అడగలేదు. పెన్ను కంటే అచ్చు బాగుంటుందని నాకే తోచింది. మరుసటి రోజు ఆయన వచ్చి బామ్మర్ది బండి నంబరు చెప్పాడు, నేను కొట్టాను. అచ్చులో చక్కగా వచ్చింది. "శభాష్" అన్నాడు. గనులు మూతపడేదాకా ప్రతి రోజూ ఆ నంబరు నా వేళ్ళతోనే కొట్టాను.

మూతపడ్డాక లారీలు రోడ్ల పక్కన తుప్పు పట్టాయి. ఆఫీసు ఎత్తేశారు. కుర్చీని ఎవరో తూకానికి అమ్మేశారు.

పెద్దాయన్ని పోయినేడు సిరుగుప్ప బస్టాండులో చూశాను. లారీ ఎప్పుడో పోయింది. బియ్యం మిల్లులో వాచ్‌మన్‌గా ఉన్నాడట. నన్ను చూసి సంతోషపడి, టీ తాగమని బలవంతం చేశాడు.

"నీ కంప్యూటర్ ఉన్నన్నాళ్ళు బాగుండె మ్మే. ఎన్నిసార్లు తిరిగొచ్చినా, సరే మన వంతు కాదులే అనుకొంటాంటి. ఆ పలక ఉన్నప్పుడైతే అంతా మోసం."

బళ్ళారి బస్సు వచ్చేదాకా నేను ఆయన పక్కనే కూర్చున్నాను. ఆ ఒకటి నంబరు పెట్టె సంగతి చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆయనకు చదవడం రాదు.