నూట ఇరవైలో పోయే లారీ

ఆదివారం వస్తే మేమిద్దరం పాత లారీలు చూడటానికి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు వెళ్ళడం లేదు.

భార్యాభర్తలు సినిమాకో, గుడికో వెళ్తారు గానీ లారీలు చూడటానికి వెళ్ళడమేమిటని మీరు అడగవచ్చు. మా ఆయన చాలా ఏళ్ళు లారీ నడిపి, నడుము మొరాయించాక దిగిపోయిన మనిషి. ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ ఎవరైనా పాత లారీ కొనాలనుకుంటే ముందుగా ఆయనను తీసుకువెళ్ళి చూపించేవారు. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి, లెక్క కట్టే పని నాకు అప్పగించేవారు. ఆయన చెయ్యి పడితే, నేను లెక్క వేస్తే ఇక తిరుగులేదని మాకొక పేరు ఉండేది. పోయిన పత్తి సీజను మొదట్లో, ఒక్క మధ్యాహ్నంలో, ఆ పేరును మేము ఎలా పోగొట్టుకున్నామో చెబుతాను.

ఈరన్నది ఎమ్మిగనూరు. ఒకప్పుడు మా ఆయన దగ్గర క్లీనరుగా చేరి, ఆయన దగ్గరే స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. అప్పటి నుంచీ ఇతరుల బండ్లే నడిపాడు. తొలిసారి సొంతంగా ఒక లారీ కొనుక్కోవాలనుకున్నాడు. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు ఆవరణలో ఆరు టైర్ల పాత లారీ అమ్మకానికి ఉంది. పత్తి బేళ్ళు ఎత్తుకుని, నంద్యాల దాటి, కొండల మీది ఘాటు రోడ్డు ఎక్కి గుంటూరు వైపు పోవాలన్నది ఈరన్న ఆలోచన. ఆ బరువుతో ఈ బండి ఘాటు ఎక్కగలదా లేదా అన్నది మేము తేల్చి చెప్పాలి. పత్తికొండ నుంచి టమాటా వ్యాపారి ఒకాయన సాయంత్రం ఇదే బండి కోసం వస్తున్నాడని, ఆలోపు ఏదో ఒకటి చెప్పమని ఓనరు అప్పటికే రెండుసార్లు అన్నాడు.

మా ఆయన లారీని చూసే పద్ధతి వేరు. మొదట ముట్టుకునేవారు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగేవారు. ఆ తర్వాత కిందికి దూరి, చిన్న సుత్తితో బరువు మోసే స్ప్రింగు పట్టీలను ఒక్కొక్కటిగా తట్టి, శబ్దం వినేవారు. ఆ రోజు ఛాసిస్‌కు అతుకులు కనబడలేదు. పట్టీ ఒక్కటీ విరగలేదు. స్టీరింగు కొంచెం వదులుగా ఉంది. అది వయసు వదులే, రోగం కాదన్నారు. క్యాబిన్లో స్పీడు చూపించే ముల్లు మాత్రం సున్నా దగ్గర శాశ్వతంగా నిద్రపోయింది.

ముల్లు పనిచేయని బండి వేగం తెలుసుకోవడానికి మాకొక ఉపాయం ఉండేది. వెనక టైరు మీద, ఇంజను నుంచి వెనక్కి పోయే పొడవాటి షాఫ్టు మీద సుద్దముక్కతో గీతలు పెట్టి, బండిని మెల్లగా ముందుకు తోయించేవాళ్ళం. టైరు ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆయన కింద పడుకుని చూసేవారు. ఎక్కువ చుట్లు తిరిగితే బండి నిదానం గానీ బలమైనది. తక్కువ తిరిగితే వేగం ఎక్కువ, లాగుడు తక్కువ. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరగగలదో ఆయన చెప్పి, టైరు చుట్టుకొలత నేను టేపుతో తీసుకుంటే, మిగిలింది గుణకారమే.

ఆ రోజు బండిని తోయడానికి వీలు లేదు. ముందు గోడ, వెనక బేళ్ళ గుట్ట. బ్యాటరీ చార్జింగుకు పోయింది కాబట్టి స్టార్టు చేయడానికీ లేదు. అందుకని మా ఆయన మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, వెనక ఒక పక్కకు జాకీ వేసి, ఆ చక్రాన్ని గాలిలోకి లేపారు. ఈరన్న దాన్ని చేత్తో తిప్పాడు. సుద్దగీత కిందికి వచ్చినప్పుడు నేను చెప్పాను. షాఫ్టు మూడు చుట్లు దాటి కొంచెం తిరిగి ఆగిందని కింద నుంచి ఆయన అన్నారు. మళ్ళీ తిప్పించారు. మళ్ళీ అంతే.

ఇదంతా చూస్తున్న ఓనరు పక్కకు తిరిగి, "ఏమప్పా, బండి కొంటాండారా, పెండ్లికి జాతకాలు చూస్తాండారా?" అన్నాడు.

నేను లెక్క కట్టాను. టాప్ గేరులో ఈ లారీ నూట ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతుందని తేలింది. నాకు సందేహం కలగకపోలేదు. రెండోసారి కట్టాను. గుణకారంలో తప్పు లేదు. నా గుణకారంలో తప్పు లేదంటే మా ఆయనకు అది వేదవాక్కు. ఎవరో వెనక ఇరుసు హౌసింగు మార్చి వేరే పళ్ళ చక్రాలు వేయించి ఉంటారని ఆయనే ఒక కారణం కూడా కనిపెట్టారు.

"ఇది దున్నపోతు కాదప్పా ఈరన్నా, పందెం గుర్రం. ఖాళీగా పోతే గాలే. బేళ్ళు ఎక్కించినావంటే ఘాటు మొదట్లోనే పండుకుంటాది. వద్దులే."

ఈరన్న భార్య పొద్దున్నే కట్టి పంపిన బంతిపూల దండ, నిమ్మకాయలు ఒక సంచిలో ఉన్నాయి. అతను ఆ సంచిని తీసి బేళ్ళ వెనక పెట్టి వచ్చాడు. ఓనరు పత్తికొండకు ఫోను కలిపాడు. ఇంతలో బ్యాటరీ వచ్చింది.

"కొనకపోతే పోనీలే అన్నా. ఒక్కసారి కూర్చోని పోయొస్తాము," అన్నాడు ఈరన్న. ఆ మాటకు మా ఆయన కాదనలేకపోయారు. ఈరన్న వెళ్ళి సంచి తెచ్చుకున్నాడు.

వెనకున్న బేళ్ళ గుట్టను మిల్లు కూలీల చేత పక్కకు తీయించి, ఎమ్మిగనూరు రోడ్డు ఎక్కాము. ఆయన స్టీరింగు ముందు, నేను మధ్యలో, ఈరన్న తలుపు పక్కన. తలుపు గడియ సరిగా పడిందో లేదో చూసుకోమని ఆయన ఈరన్నను హెచ్చరించారు. నేను కొంగు నడుముకు బిగించి, కళ్ళద్దాలు ఎగిరిపోతాయేమోనని తీసి నా చేతిసంచిలో పెట్టుకుని, ముందున్న ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాను.

టాప్ గేరు పడకముందే ఒక టమాటా ఆటో మమ్మల్ని దాటిపోయింది. ఇంకా వేగం అందుకోలేదు కదా అని సరిపెట్టుకున్నాము. టాప్ గేరు పడింది. ఆయన కాలు పూర్తిగా తొక్కారు. ఇంజను ఘోషించింది. కడ్డీ పట్టుకున్న నా చేతులు నొప్పి పుట్టాయే తప్ప చెప్పుకోదగ్గ గాలి మాత్రం లోపలికి రాలేదు. అప్పుడే మోటారు సైకిలు మీద ఒక పెద్దాయన, ఒళ్ళో మేకపిల్లను పెట్టుకుని, తాపీగా మమ్మల్ని దాటాడు. ఆ మేకపిల్ల వెనక్కి తిరిగి మా వైపు చూసింది.

నేను చేతిసంచిలోంచి కళ్ళద్దాలు తీసి కళ్ళకు పెట్టుకుని, రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళను, నా గడియారాన్ని చూశాను. రాయికీ రాయికీ మధ్య ఒక నిమిషం. అంటే అరవై. నేను చెప్పినదాంట్లో సరిగ్గా సగం.

సగమే ఎందుకయిందన్నది ఇద్దరికీ ఒకేసారి తట్టిందనుకుంటాను. ఆయన రోడ్డు నుంచి చూపు తిప్పకుండానే అడిగారు.

"టీచరమ్మా, మనం జాకీ ఎన్ని చక్రాలకు పెట్టినాము?"

"ఒక్కదానికే."

బండి రోడ్డు మీద పోయేటప్పుడు వెనక రెండు పక్కలా చక్రాలు కలిసి తిరుగుతాయి. ఒక పక్క నేల మీద కదలకుండా ఉంటే, గాలిలో ఉన్న చక్రం ఆ రెంటి తిరుగుడూ తానొక్కటే తిరుగుతుంది. అందువల్ల షాఫ్టు చుట్లు సగమే కనిపించాయి, నా లెక్కలో వేగం రెట్టింపయింది. ఆయనకు ఇది తెలియనిది కాదు. నేను పిల్లలకు ఇంతకంటే కష్టమైనవి చెప్పాను.

ఆయన లారీని పక్కకు ఆపి, స్టీరింగు మీద తల ఆనించి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఈరన్న మాత్రం నవ్వలేదు.

"అంటే అన్నా, ఇది దున్నపోతేనా?"

"దున్నపోతేరా. మంచి దున్నపోతు."

ఆయన దిగి చక్రాల మధ్య హబ్బుల మీద అరచెయ్యి పెట్టి చూశారు. ఏదీ వేడెక్కలేదు. పొగ కూడా పలుచగానే ఉంది. ఈరన్న ఓనరుకు ఫోను చేసి, పత్తికొండ ఆయనను రావద్దని చెప్పమన్నాడు. ఆ తర్వాత అక్కడే, కంది చేను పక్కన, లారీ ముందు దండ కట్టాడు.

ఆ వారమంతా ఆదోని లారీ స్టాండులో మాదే మాట. జాతకం కుదిరిందా అని ఓనరు, గుర్రం ఎట్లుందని డ్రైవర్లు అడిగేవారు. ఈరన్న ఆ బండితోనే ఇప్పటికీ ఘాటు ఎక్కుతున్నాడు. మా వీధి చివర నుంచి పోయేటప్పుడు హారన్ కొడతాడు. మా ఆయన ఆ హారన్ ఎక్కువసార్లు వినలేదు. తర్వాతి ఆదివారానికి ఆయనకు ఒంట్లో బాగులేకపోయింది. ఆ చలికాలం ఆయన దాటలేదు.

ఈరన్న లారీ కొన్న ఆ సాయంత్రం మిల్లు దగ్గర కుళాయి కింద ఆయన గ్రీజు చేతులు కడుక్కున్నారు. మేము మా పాత స్కూటరు ఎక్కి ఇంటికి బయలుదేరాము. ఆయన ఎప్పటిలాగే సైకిళ్ళకు కూడా దారి ఇస్తూ నడుపుతున్నారు.

"టీచరమ్మా, ఇప్పుడు ఎంతలో పోతాండాము?" అని అడిగారు.

"నూట ఇరవై," అన్నాను.

"అట్లయితే గట్టిగా పట్టుకో."

నేను కళ్ళద్దాలు తీసి సంచిలో పెట్టుకుని, ఆయన భుజం పట్టుకున్నాను.