బాలమణికి వచ్చిన పి.పి. కాల్

మొన్న మా మనవరాలు నా కొత్త ఫోనులో ఏదో అమర్చి పెడుతూ, ఇకమీదట దీంట్లోంచి నెట్ కాల్ చేసుకో తాతా అంది. దాని అసలు పేరు వోయిప్ అట. అర్థం తెలియని మాటను నోట పెట్టుకునే అలవాటు మా వంశంలో లేదు కనుక, అంటే ఏమిటని అడిగాను. మనం మాట్లాడిన మాటను సన్నని ముక్కలు చేసి, ఇంటర్నెట్ మీద తలా ఒక దారిన పంపి, అవతలి చెవి దగ్గర మళ్ళీ అతికిస్తారట. ఆ పేరు కంపెనీలవాళ్ళు వాడతారు గాని, మామూలు జనం నెట్ కాల్ అనే అంటారని కూడా చెప్పింది. అంతా విని, మరి కావలసిన మనిషిని ఎవరు పిలుస్తారమ్మా అన్నాను. ఎవరి ఫోను వాళ్ళ దగ్గరే ఉంటే పిలవడమెందుకని నవ్వింది. మా కాలపు మాట ఒకటి చెప్పబోయి ఊరుకున్నాను. నా ఈడువాళ్ళు మీరైతే వింటారు.

ఆ మాట పి.పి. కాల్. పి.పి. అంటే పర్టిక్యులర్ పర్సన్. ట్రంకు కాల్ బుక్ చేస్తూ ఫలానా మనిషితోనే మాట్లాడాలని పేరు చెబితే, ఆపరేటరు అవతల ఆ మనిషిని పిలిపించి, వచ్చినామె లేదా వచ్చినాయన నేనే అన్నాకనే లైను కలిపేవాడు. మనిషి లేకపోతే కాల్ రద్దు. పొరుగింటి ఫోను నంబరు ఇచ్చుకునేవాళ్ళు కూడా దాని పక్కన పి.పి. అని రాసుకునేవాళ్ళు. కామాటిపురలో మా చాల్‌కి, ఆ వరసగదుల మేడ మొత్తానికి, ఫోను మా ఇంట్లోనే ఉండేది కాబట్టి, ఎనభైలలో అక్కడ ఎవరి నంబరైనా మా నంబరే.

ఇల్లు అంటున్నాను గాని, అప్పటికి మాకు మిగిలినవి రెండు ఖోలీలు, అంటే రెండు గదులు. మా ముత్తాత పాలమూరు నుంచి మనుషులను తెచ్చి ఈ నగరపు పెద్ద పెద్ద కట్టడాలకు రాళ్ళెత్తించిన మేస్త్రి. తాత కాలంలో మాకు సొంత గుర్రబ్బండి ఉండేది, ఆ చాల్ కూడా మాదే. అన్నీ పోయాక నాయిన చేతికి వచ్చినవి తాత కూర్చున్న టేకు కుర్చీ, నల్ల ఫోను, పెద్ద మేస్త్రి అన్న పిలుపు. నాయిన గుమాస్తా పని చేసేవాడు, ఏనాడూ తాపీ పట్టలేదు. అయినా ఇస్త్రీ కోటు వేసుకోనిదే గదుల ముందు సాగే గ్యాలరీలోకి వచ్చేవాడు కాదు, వచ్చినా గొంతు ఎత్తేవాడు కాదు. ఆ నిటారుతనమే నాకూ వచ్చిందంటారు. అందుకు నేనేమీ నొచ్చుకోను. చాల్ నుంచి దూరదేశం పనికి పోయే మగవాళ్ళందరినీ నాయిన ఎదుట నిలబెట్టుకుని, మా నంబరు నోటికి వచ్చేదాకా వల్లె వేయించి పంపేవాడు. ఆయన మిగుల్చుకున్న దొరతనం అదొక్కటే.

అలా నేర్చుకుని పోయినవాళ్ళలో మూలఖోలీ ముసలమ్మ కొడుకు ఒకడు. ఎక్కడో ఉత్తరాన కొండల్లో డ్యాము పనికి పోయాడు. ముసలమ్మ పోయింది, రెండు వానాకాలాలు గడిచాయి, వెంట పోయినవాళ్ళు తిరిగి వచ్చారు, అతని జాడ లేదు. కోడలు ఒక్కతే బీడీలు చుట్టుకుంటూ ఆ ఖోలీలో ఉండేది. మా అందరికీ ఆమె మూలఖోలీ కోడలే. చివరికి ఊరి నుంచి ఆమె అన్న వచ్చాడు. నీ మొగుడు ఇక రాడు, ఇంటికి పద, మారుమనువు చేస్తానని పట్టుబట్టాడు. ఆమె రానని ఏడ్చింది, అన్నం మానింది, ఆఖరికి ఓడిపోయి మూట కట్టుకుంది. ఆ సాయంత్రమే బండి.

మధ్యాహ్నం మా ఫోను మోగింది. నాయిన తీశాడు. అవతల ఎవరో మగవాడు, హిందీలో, బాలమణి ఉందా, పిలవండి అన్నాడు. సానికొంపల ఫోరస్ రోడ్డు పక్కన కాపురాలు చేసినవాళ్ళకు ఆ మాట ఎక్కడ తగులుతుందో నేను చెప్పనక్కర్లేదు. మా వీధి పేరు చెప్పగానే టాక్సీవాడు నవ్వే నవ్వు ఎరిగినవాళ్ళం. ఇది సంసారుల ఇల్లు అని గుమ్మం మీద రాసుకుని బతికినవాళ్ళం. పరాయి మగవాడు పెద్ద మేస్త్రి ఇంటికి ఫోను చేసి, పేరు పెట్టి ఆడమనిషిని పిలవమనడమా? నాయిన పళ్ళు బిగించి రెండు మాటలు అని ఫోను పెట్టేశాడు.

అన్నం వడ్డిస్తున్న అమ్మ చేయి ఆగింది.

“గంట పొడుగ్గ మోగింది గదా. ట్రంకు గాదా అది? అడిగింది ఆపరేటరేమో!”

అమ్మ గరిటె పక్కన పెట్టి గ్యాలరీలోకి పోయి, ఖోలీ ఖోలీకి ఆగి ఆడవాళ్ళ పేర్లు అడగడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి ఒకే నల్లా కింద నీళ్ళు పట్టుకున్నవాళ్ళు, ఒకరికొకరు ఫలానావాని తల్లి, ఫలానా ఊరామె, అంతే.

“నా పేరెందుకు వదినా, రేషన్ కార్డు జేపిస్తవా?” అంది ఒకామె.

“ఆగరాదు, యాది జేస్కోనీ. పిలిచెటోళ్ళు లేక నేనే మరిచిన,” అంది ఇంకొకామె.

“మరి నీ పేరేంది? ఇన్నేండ్లల్ల చెప్పకపోతివి!” అని వాళ్ళు ఎదురు అడిగితే, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. మా అమ్మ పేరు ఆమె నోట నేను విన్నది ఆ ఒక్కసారే. మూలఖోలీకి చేరేసరికి అందరి నవ్వూ ఆగింది. మూట పక్కన కూర్చున్న కోడలు తల ఎత్తి, బాలమణి నేనే అంది.

ఆ సంగతి విన్న నాయిన కోటు వేసుకోకుండానే మూలఖోలీకి పోయాడు. ఒకరిని ఏదైనా అడగడం ఆయనకు తెలియదు. ఆ రోజు అడిగాడు.

“ఫోను నేనే పెట్టేసిన. మల్ల వస్తది. ఈ బండి పోనియ్యి, బిడ్డా.”

“రెండు వానకాలాలు రానిది గిప్పుడొస్తదా, పెద్ద మేస్త్రీ?” అన్నాడు ఆమె అన్న. “రాకుంటె మా చెల్లె బతుకు నువ్వు జూస్తవా?”

“చూస్త.”

“అయితె ఐతారం దాంక. ఆ మీద బ్రహ్మదేవుడొచ్చి చెప్పినా ఆగ.”

నాయిన సెలవు పెట్టి, టేకు కుర్చీ ఫోను పక్కకు జరుపుకుని కూర్చున్నాడు. సాయంత్రపు షికారు మానేశాడు. మధ్య మధ్య రిసీవరు ఎత్తి లైను ఉందో లేదో వినేవాడు. నువ్వు ఎత్తినప్పుడే వాడు చేస్తే ఎట్ల అని అమ్మ కోప్పడేది. గ్యాలరీలో పిల్లలు కూడా మా గుమ్మం ముందు అడుగు మెల్లగా వేసేవాళ్ళు. శనివారం రాత్రికి ఆమె అన్న మళ్ళీ మూట కట్టించాడు.

ఆదివారం పొద్దున నల్లా వచ్చిన వేళ, బిందెల చప్పుడు మధ్య ఫోను పొడుగ్గా మోగింది. నాయిన విన్నాడు, హా జీ, హై అన్నాడు, రిసీవరును బల్ల మీద పడుకోబెట్టి గ్యాలరీలోకి వచ్చాడు. బనియను మీద ఉన్నాడు. కటకటాలు రెండు చేతులా పట్టుకుని, చాల్ అంతా అదిరేలా పిలిచాడు.

“బాలమణీ!”

కింద బిందెలన్నీ ఆగిపోయాయి. ఆమె తడి చేతులతో మెట్లెక్కి పరుగున వచ్చింది. ఆపరేటరుకు నేనే, నేనే అని రెండుసార్లు చెప్పింది. లైను కలిశాక తడి చేయి కొంగుకు తుడుచుకుంది. “నల్లా వచ్చింది. నీళ్ళు పట్టుకుంటున్న,” అంది. నాయిన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

బండరాయి పడి కాలు విరిగి, భాష తెలియని ఊళ్ళో ఇన్నాళ్ళూ ఆస్పత్రి పాలయ్యాడట, ఫోనున్న చోటికి నడవగలిగింది ఇప్పుడేనట. అదంతా ఆమె తర్వాత చెప్పింది. ముందు మా అమ్మ చెవిలో చెప్పింది వేరు. “టెలిగ్రాఫాఫీసుల అందరి ముంగట నా పేరు జెప్పిండట అక్కా,” అని మొహం దాచుకుంది. అన్న ఒక్కడే బండెక్కాడు.

ఇప్పుడు ఆ చాల్ లేదు, నాయినా లేడు, అమ్మా లేదు. ఆ చోట లేచిన బిల్డింగులోనే ఉంటున్నాం, ఎవరి తలుపు వాళ్ళది, ఎవరి ఫోను వాళ్ళది. మనవరాలు పెట్టిన నెట్ కాల్ బాగానే పలుకుతుంది, ముక్కలు చేసి అతికించిన మాటలా ఉండదు, ఎదుట కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది. నేను దాన్ని తప్పు పట్టను. కాని దానికి నా పేరుతో పని లేదు. ఇంట్లో నేను తాతను, లిఫ్టులో అంకుల్‌ను, వాచ్‌మన్‌కు బాబూజీని. ఈ రోజు ఎక్కడి నుంచైనా ఎవరైనా నా పేరు చెప్పి పి.పి. కాల్ బుక్ చేస్తే, అటువంటి మనిషి ఇక్కడ ఎవరూ లేరని చెప్పి ఈ బిల్డింగువాళ్ళు ఫోను పెట్టేస్తారు.